ఆవిడ టీకి రమ్మంది

ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, తప్పుల్లేకుండా మాట్లాడడమూ వచ్చు అనుకునేవాళ్ళకి ఓ చిన్న పరీక్ష ఉంది. ఇంగ్లండులో పక్కింటావిడతో గోడ మీంచి అయిదు నిమిషాలు మాట్లాడి రావాలి, అంతే. నేను ఆ పరీక్షకి కూర్చున్నాను. తప్పాను.

మా అమ్మాయి వాళ్ళుండేది లీడ్స్‌లో. యార్క్‌షైర్‌లో పెద్ద ఊరది. వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పక్కింటి ముసలావిడ కనబడి "యూ ఆల్‌రైట్, లవ్?" అంది. ప్రయాణం బడలికతో నా మొహం వాడి ఉందేమో, ఒంట్లో ఎలా ఉందని అడుగుతోంది కాబోలనుకుని మోకాళ్ళ నెప్పుల దగ్గర్నించి మొదలెట్టాను. ఆవిడ మర్యాదగా వింది గానీ, చేతిలో చెత్తబుట్ట పట్టుకుని అటో అడుగూ ఇటో అడుగూ వేస్తూనే ఉంది. సాయంత్రం మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "అది వట్టి పలకరింపమ్మా! నువ్వూ ఆల్‌రైట్ అనేసి లోపలికి వచ్చెయ్యాలి" అంది.

నిజమే మరి. మా ఏలూరులో సంచీ పుచ్చుకుని బయల్దేరితే ఎదురింటి పిన్నిగారు "ఎందాకా?" అనడం లేదూ? మనమేం ఊరూ పేరూ చెబుతామా? "ఇక్కడిదాకానండి" అంటాం. ఆవిడకి సరిపోతుంది, మనకీ సరిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం "నేనెక్కడికెళితే ఈవిడకెందుకు?" అని గింజుకుంటారు.

అసలు కథ తరవాత జరిగింది. వారం తిరక్కుండా ఆవిడ "కమ్ రౌండ్ ఫర్ యువర్ టీ, హాఫ్ ఫైవ్" అని పిలిచింది. హాఫ్ ఫైవ్ అంటే అయిదున్నర అని అమ్మాయినడిగి తెలుసుకున్నాను. టీ అంటే ఏమిటని మాత్రం అడగలేదు. టీ తెలియనిదెవరికి? వట్టి కడుపుతో టీ తాగితే నాకు పడదని నాలుగింటికే పులిహోర కడుపునిండా తిని మరీ వెళ్ళాను. తీరా చూస్తే బల్లనిండా వంటలు! నేను శాకాహారినని ముందే కనుక్కుని, చీజూ ఉల్లిపాయలూ కూరి ఓ పెద్ద పై చేసింది. బంగాళాదుంపలు, ఉడికించిన బఠాణీలు, ఆపైన తీపి. ఉత్తర ఇంగ్లండులో మామూలు ఇళ్ళల్లో మధ్యాహ్నం తినేది డిన్నరట, సాయంత్రం భోజనం టీయట! రెండు ముక్కలు కొరికేసరికి నా వల్ల కాలేదు. "బాగాలేదా?" అని ఆవిడ అడిగిన తీరు ఇప్పటికీ మర్చిపోలేను. పొద్దుటినించీ నడుం వంచి వండిన మనిషి అడిగే తీరది. ఏ దేశమైనా ఒకటే.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆవిడ అన్న మాటల్లో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అన్నీ రెండో ఫారంలో నేర్చుకున్నవే. చిక్కంతా అక్కడే ఉంది. తెలియని మాటైతే నిఘంటువు తిరగేస్తాం. తెలిసిన మాటని ఎవరు తిరగేస్తారు? మన ఇంగ్లీషు పుస్తకాల మీద నా ఫిర్యాదు కూడా ఇదే. ముప్పై రోజుల్లో నేర్పేస్తామనే పుస్తకాలు ఎవరింట్లోనూ మాట్లాడని ఇంగ్లీషు నేర్పుతాయి. నిఘంటువులేమో మాట పక్కన 'వాడుక', 'ప్రాంతీయం' అని ఓ ముద్ర కొట్టి ఊరుకుంటాయి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారన్నది కదా మనక్కావలసింది!

ఇంగ్లీషువాళ్ళకి మాత్రం అన్నీ అర్థమయ్యాయేమిటి? ఎమిలీ బ్రాంటీ రాసిన 'వుదరింగ్ హైట్స్' నవల 1847లో వచ్చింది. అందులో జోసఫ్ అనే ముసలి నౌకరు నోరు విప్పితే అచ్చమైన యార్క్‌షైర్ యాస. ఎమిలీ పోయాక ఆవిడ అక్క షార్లట్ 1850లో ఆ నవల మళ్ళీ అచ్చు వేయిస్తూ, దక్షిణాదివాళ్ళకి బోధపడదని జోసఫ్ మాటల్ని కాస్త సాపు చేసింది. చెల్లెలి మాటని అక్కే దిద్దాల్సొచ్చిందన్నమాట! బర్నార్డ్ షా అయితే 'పిగ్మాలియన్' నాటకం మొదట్లో పూలమ్మే ఎలీజా యాసని ఉన్నదున్నట్టు రాయబోయి, లండన్ దాటితే ఎవరికీ అర్థంకాదని నాలుగు మాటలకే చేతులెత్తేశాడు.

ఆ నాటకంలోనే నేర్చుకునేవాళ్ళకి ఓ మంచి పాఠం ఉంది. ఎలీజాకి దొరసాని ఉచ్చారణ పట్టుబడుతుంది గానీ మాటలు మాత్రం పాత పేటవే. నలుగురిలో కూర్చుని, తన మేనత్తని ఎవరో 'చేసేశారు' అంటుంది, చంపేశారనే అర్థంలో. అదేమిటని పెద్దావిడ అడిగితే, ప్రొఫెసర్ ఇది కొత్త ఫ్యాషన్ సంభాషణ అని సర్దేస్తాడు. నిజమనుకుని క్లారా అనే అమ్మాయి వెళ్ళబోతూ తనూ ఓ నాటుమాట విసురుతుంది. వెక్కిరింత పాలయ్యేది ఎలీజా కాదు, క్లారా. ఎలీజా తన మాట తను అంది. క్లారా ఎరువు తెచ్చుకుంది. అందుకే పరాయి యాసని అర్థం చేసుకోవడానికి తొందరపడాలి గానీ, వాడడానికి తొందరపడకూడదు. వోడ్‌హౌస్ నవలలు చదివి 'వాట్ హో' అని పలకరించేవాళ్ళు మన పెద్దల్లోనూ ఉండేవారు. ఆ మాట అనే మనిషి ఇంగ్లండులోనే కరువైపోయాడని వాళ్ళకెవరు చెప్పాలి?

మన భాషకి ఎదురొచ్చే వాళ్ళ అవస్థ కూడా చూడండి. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్.ఐ.టి. పెట్టాక ఎక్కడెక్కడి రాష్ట్రాల పిల్లలో వచ్చి చదువుతున్నారు. ఓసారి అక్కడ టిఫిన్ బండి దగ్గర ఓ ఉత్తరాది కుర్రాడు కష్టపడి కూడబలుక్కుని "ఇడ్లీ ఉందా అండీ?" అనడిగాడు. బండాయన "ఆయ్, ఎందుకుండదండీ!" అన్నాడు. ఆ అబ్బాయి పాపం ఎందుకుండదో ఆలోచిస్తూ నిలబడిపోయాడు. ప్రశ్నకి ప్రశ్నే జవాబు, అందులో ఓ పిసరు ఎటకారం, దాని మీద గౌరవంగా 'అండీ'. గోదావరి జిల్లాల మాటతీరంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఏ నిఘంటువు చెబుతుంది? కొల్లేటి చాంతాడు అన్నామనుకోండి, చెరువుకి చాంతాడెందుకని అడుగుతాడు. మనం ఎన్నడూ ఆ తాడు చూసినవాళ్ళం కాదు, సీరియల్ సాగినప్పుడల్లా అంటూనే ఉంటాం.

ఈ చిక్కు ముందే గ్రహించిన ఇంగ్లీషాయన ఒకడున్నాడు. సి.పి. బ్రౌన్ 1852లో పెద్ద తెలుగు నిఘంటువు వేసి ఊరుకోలేదు. కచేరీల్లోనూ బజార్లలోనూ నలిగే కలగాపులగపు మాటలకని 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ఆ తరవాత మన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి చేత వ్యవసాయ పదాలన్నీ జిల్లా జిల్లా తిరిగి పోగు చేయించి, 1962లో మాండలిక వృత్తిపదకోశం తెచ్చింది. రైతుని అడిగి రాసుకున్న పుస్తకమది. అడగడానికి సిగ్గుపడని వాళ్ళకే భాష వస్తుంది.

నేను సిగ్గుపడినదాన్ని. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మమ్మది కొల్లేటి లంక గ్రామం. నేను ఏలూరులో కాలేజీ చదివేటప్పుడు మా ఇంటికొచ్చింది. నా స్నేహితురాళ్ళు వస్తే గుమ్మంలోకి ఎదురెళ్ళి "ఆయ్, రండమ్మా, కూకోండి" అంది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నేను వాళ్ళ ముందే "కూర్చోండి అనాలి అమ్మమ్మా" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ తరవాత నా స్నేహితులొస్తే వంటింట్లోంచి ఇవతలికి రాలేదు. ఆ రోజుల్లోనే మాకు 'వుదరింగ్ హైట్స్' పాఠం. జోసఫ్ మాటలొచ్చిన చోటల్లా పేజీ దాటేసేదాన్ని. మార్కులు తగ్గలేదు.

తాటిదోనె మీద కిక్కిస పొదల మధ్యన తిరిగిన మనిషి మా అమ్మమ్మ. నీటికీ, చేపకీ, పిట్టకీ ఎన్ని మాటలుండేవో ఆవిడ నోట! ఒక్కటీ రాసుకోలేదు. ఆవిడ పోయింది. కొల్లేట్లో చేపల చెరువులు తవ్వారు. 1999లో అభయారణ్యమన్నారు. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ మాటలు ఎవరినడిగితే దొరుకుతాయిప్పుడు?

లీడ్స్‌లో మాత్రం ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు. మూడోనాడు పక్కింటి తలుపు తట్టి పులిహోర సంగతి దాచకుండా చెప్పేశాను. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, నన్ను కుర్చీలో కూలేసి, "నౌట్ అంటే నథింగ్, సమ్మట్ అంటే సమ్‌థింగ్" అంటూ అక్షరాభ్యాసం చేసింది. ఆ రాత్రి అమ్మాయి లైబ్రరీ నించి తెచ్చిన నవల తీసి జోసఫ్ మాటలు పైకి చదివాను. కంటికి అడవిలా ఉన్నవి చెవికి చాలామటుకు తెలిసిపోయాయి. ఆ గొంతు పక్కింటావిడది. యాసని చూపుతో చదవకూడదని, పైకి చదివి వినాలని నాకిన్నేళ్ళకి తెలిసింది.

మొన్న ఫోనులో మాట్లాడుతుంటే మా మనవరాలు ఏదో అడిగినదానికి "నౌట్" అంది. మా అమ్మాయి పక్కనించి "నౌట్ ఏమిటే, నథింగ్ అను" అని కసిరింది.

"దాన్ని అననియ్యవే" అన్నాను. "బళ్ళో నథింగ్ రాసుకుంటుంది. పక్కింటి మామ్మ దగ్గర నౌట్ అంటుంది. నీకేం పోయింది?"

మా అమ్మాయి ఏమీ అనలేదు. నా గొంతెందుకలా అయిందో దానికి తెలియదు.