పడగ నీడన ఖాళీ

ఓ ధూళికట్ట స్తూపమా! హుస్సేనిమియా వాగు పక్కన, పెద్దపల్లి పొలాల నడిమిన, మట్టినే మౌనంగా, మౌనాన్నే మంత్రంగా మార్చుకుని కూర్చున్న తల్లీ! నీ ముంగిట నా చెప్పులకంటే ముందు నా మాటలు జారిపోతాయి.

నిన్ను సమాధి అంటారు. కాదమ్మా, నువ్వు కడుపువి. గుండ్రని నీ ఒంటికి పెద్దలు పెట్టిన పేరు అండం. ధాతువును దాచుకున్న నీ లోపలికి పెట్టిన పేరు ధాతుగర్భం. పిడికెడు అస్థికలను పొదిగి, కొండంత కరుణకు ప్రాణం పోశావు. అండం మీద హర్మిక, హర్మిక మీద దండం, దండం మీద ఛత్రం! ఆ దండం నేలకూ నింగికీ నడుమ నాటిన నిట్రాట. ఆ ఛత్రం రాజుకు కాదు, రాజ్యం విడిచినవాడికి పట్టిన గొడుగు.

ఇక నీ నాగరాజు! 1970లలో మట్టి తొలగించినప్పుడు వెలుగు చూసిన సున్నపురాతి పలక మీద, చుట్టలు చుట్టలుగా ఒదిగి, అయిదు పడగలు విప్పి నిలిచిన ముచిలిందుడు! బోధి దొరికిన తరువాత ఏడు రోజులు ఎడతెగక కురిసిన వానలో బుద్ధుడికి గొడుగైన నాగు అతడు. పడగలున్నాయి, చుట్టలున్నాయి, కాపాడే ఆత్రమంతా ఉంది. కాపాడవలసినవాడే కనిపించడు! నీ శిల్పులు ఆయన ముఖం చెక్కలేదు. పాదాలు చెక్కారు, ఆసనం చెక్కారు, ఆయన కూర్చోవలసిన చోటును ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ ముందు నిలబడితే, నిండిన గుడిలో నిలబడ్డట్టే ఉంటుంది నాకు.

కనిపించనివాణ్ణి చూడడం ఈ నేలకు కొత్త కాదు. గోదావరి ఒడ్డున, అస్సక సీమలో, బావరి అనే ముసలి ఋషి ఉండేవాడు. ఆదిలాబాద్ సీమ బాదనకుర్తి లంకే ఆయన ఆశ్రమమని మావాళ్లు మురిసిపోతారు. పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపి, తాను కదలలేక ఇక్కడే ఆగిపోయాడు. వెళ్లి వచ్చిన పింగియుడు చెబుతుంటే విన్నాడు, వింటూ విన్నాడు, వినడంలోనే చూశాడు. కంటితో కాక చెవితో బుద్ధుణ్ణి దర్శించిన నేల ఇది. నీ పలక మీద ముఖం లేకపోతే లోటేముంది తల్లీ!

చరిత్ర ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నాకొక ఊహ. తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి పేర్చి, పైన గౌరమ్మను నిలిపి, చప్పట్లతో చుట్టూ తిరిగే మా ఆడబిడ్డల అడుగుల్లో నీ ప్రదక్షిణ పథమే మోగుతుంది. ఆ పూల గోపురం చెరువు నీళ్లలో కరిగిపోతుంది. నీ పలకలూ కొన్ని నిన్ను వదిలి కరీంనగర్ ప్రదర్శనశాలకు చేరాయి. పేర్చుకోవడం, తిరగడం, విడవడం మీ ఇద్దరికీ వచ్చు.

మబ్బు కమ్ముకొస్తోంది. వాగు మీదుగా తడిగాలి. నీ మీద పడగ లేదు, గొడుగు లేదు, పచ్చగడ్డి మాత్రమే. నిన్ను నా కుడివైపున ఉంచుకుని, మొదటి అడుగు వేస్తున్నాను.