రెండు గీతల నడుమ

లేవకు, నా పాత పటాలం లారీ శక్తిమానూ, ఇంకాసేపు పడుకో. నేనొచ్చింది నిన్ను లేపడానికి కాదు, నీ నాడి చూడటానికి. నీ బానెట్ మీద మంచు ముత్యాలు గుచ్చి పోయింది, నీ టైర్ల చుట్టూ గడ్డి తడితడిగా తల వంచుకుంది. నిన్న పగలంతా నీ ఒళ్లంతా పరుగులెత్తిన నూనె, వాల్వుల మీంచి, పుష్‌రాడ్ల వెంట, లైనర్ల గోడల మీంచి, జారి జారి, చుక్క చుక్కగా చేరి, నీ పొట్టకింద ఛాంబరులో చెరువై నిలిచిన వేళ ఇది. కదిలే చెరువులో లోతు తెలియదు. అందుకే రాత్రి నిన్ను చదునైన చోటు వెతికి నిలిపాను, అందుకే కోడి కూయకముందే నీ ముంగిట నిలిచాను.

నూనె మట్టం చూసే గేజి మొదటిసారి తీస్తే నిజం చెప్పదు. ఎక్కడ మొదలో ఎక్కడ తుదో తెలియని తడితో, ఒళ్లంతా మసితో వస్తుంది. పాత బనియను గుడ్డతో ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచి, నూలుపోగొక్కటైనా అంటుకోలేదని టార్చి వెలుగుకు పట్టి చూసి, మళ్లీ దింపుతాను, మెల్లగా, అడుగంటా. ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. తీస్తాను. ఆహా! పై గీతకు వెంట్రుకవాసి కింద, నల్లగా, నిగనిగగా, నిండుగా నీ ప్రాణం! కొసన కూడి, బరువై, పడనా మాననా అని వేలాడే ఆ ఒక్క చుక్కలో షెడ్డు రేకులు, నా ముఖం, తూర్పున చిట్లుతున్న ఎరుపు, అన్నీ ఆవగింజంత.

నల్లబడిందని నీ నూనెను తప్పుపట్టేవాళ్లకు దాని సంగతి తెలియదు. పోసినప్పుడు అది తేనె, పట్టుమని పది రోజులు తిరిగేసరికి కాటుక. మండినదాని మసినంతా తన ఒడిలోకి తీసుకొని, ఎక్కడా పేరుకోనివ్వక, ఎక్కడా గడ్డకట్టనివ్వక మోసుకు తిరిగినందుకు దక్కిన నలుపది. నీలకంఠుడి మెడ నలుపు! నాకు నలుపంటే భయం లేదు, తెలుపంటేనే. పాలు కలిసిన కాఫీలా గేజి తేలిందంటే రేడియేటరు నీళ్లు ఎక్కడో గాస్కెట్ దాటి నీ నెత్తుట్లో కలిశాయన్నమాట. మట్టం తగ్గితే తెలిసిన బాధే, ముసలితనంలో కాస్త నూనె తింటావు, తిను. పెరిగితేనే వణుకు. ఓ వానాకాలం పొద్దున అలాగే పెరిగింది. ఎవరూ పోయలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే జిగి లేదు, నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెడితే డీజిలు వాసన. ఎవరెంత తొందరపెట్టినా ఆ రోజు నీకు సెల్ఫ్ కొట్టలేదు.

ఆగ్స్‌బర్గ్‌లో 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజను నిలదొక్కుకొని తిరిగిన కర్మాగారపు వంశం నీది. ఆ వంశపు మాన్ కంపెనీ వారి నమూనాను 1959లో జబల్‌పూర్ చేతులు ఇనుముగా మలిచి నీకీ పేరు పెట్టాయి. నీ పిస్టన్ల నెత్తిన గుండ్రని గిన్నెలు. ఆ గిన్నె గోడకు పొరలా పట్టి, ఆవిరై, ఒద్దికగా మండే డీజిలు వల్లనే నీ గొంతులో ఆ మెత్తదనం. 1965 యుద్ధం చూశావు, 1971 యుద్ధం చూశావు. కొండలెక్కావు, ఇసుకలో ఈదావు, పిల్లల్లాంటి జవాన్లను ఒడిలో కూర్చోబెట్టుకొని రాత్రులు దాటావు. ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్: పటాలంలో నీకు రోజుకు మూడు సంధ్యలు! మూడు వేళలా ఎవరో ఒకరు నీ ముందు వంగారు. నీ జాతి జబ్బులకు వైద్యం మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోని సైనిక ఈఎంఈ కళాశాలలో నేర్చుకున్న చేతులెన్నో! ఆ చేతులన్నిటి వేడీ నీ గేజి పిడిలో ఇంకా ఉందనే నా నమ్మకం.

నీకు నూనె పోయడంలోనూ ఎంత నిగ్రహం కావాలి! కింది గీత దిగితే బేరింగులు ఎండి, రాసుకొని, ఇంజను పట్టేస్తుంది. ముద్దు ఎక్కువై పై గీత దాటించానా, క్రాంకు దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది, నురగకు మోసే బలం లేదు. అందుకే గరాటు పెట్టి, సన్నని ధారగా, పసిబిడ్డకు ఉగ్గుపట్టినట్టు పోస్తాను, ఆగుతాను, చూస్తాను, మళ్లీ పోస్తాను. వెంట్రుక కన్నా పలచని ఆ పొర మీదే కదా నీ ఉక్కంతా ఉక్కును తాకకుండా తేలుతూ తిరిగేది! ఇన్ని టన్నుల నువ్వు, అంత సన్నని తడి మీద!

గేజిని గూట్లో కూర్చోబెట్టాను. గుడ్డ మడిచాను. చేతికంటిన నలుపు కడుక్కోలేదు, ఉండనీ.

ఇప్పుడు లే, శక్తిమానూ. ఆరు గొంతులూ సవరించుకో, పొగ వదులు, చెట్లమీది పిట్టల్ని లేపు. నా చూపంతా ఆయిల్ ప్రెషర్ ముల్లు మీదే. సున్న దగ్గర ఉలికింది, వణికింది, లేస్తోంది.