మీటరెరుగని తెలుపు

షికాగో నగరమునకు పడమరగా నలువది మైళ్ల దూరమున, ఫాక్స్ నదికి ఇరుదరుల విస్తరించి, 2020 జనాభా లెక్కలలో 1,80,000 పైచిలుకు జనులతో ఇల్లినాయి రాష్ట్రమున రెండవ పెద్ద నగరముగా నిలిచిన అరోరాలో నేను నివసించుచున్నాను. అరోరా యనగా రోమనుల ఉషోదేవత. మన ఋషులు కొనియాడిన ఉషస్సును ఈ అరోరాయును ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టిన అక్కచెల్లెండ్రని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1881లోనే వీధులకు విద్యుద్దీపములు పెట్టుకొనిన తొలి అమెరికా నగరములలో నొకటి యగుటచే దీనికి దీపాల నగరమను పేరును కలదు. నామమునందును బిరుదమునందును వెలుగునే ధరించిన ఈ యూరిలో, వెలుగును పట్టుకొను వ్యసనముగల తెలుగువారము కొందరము నెలకొక శనివారము ఉదయమున ఎవరో యొకరి యింటి బేస్‌మెంటులో చేరి, మాయూరి ఫొటోలను బల్లమీద పరచుకొని, కాఫీ చల్లారునంతవరకును మాటలాడుకొందుము.

మా కూటమికి పేరు లేదు, చందా లేదు, కార్యదర్శి లేడు. నియమము మాత్రమొకటి కలదు: తన యింటికి అయిదు మైళ్లలోపల, ఆ నెలలోనే తీసిన ఫొటో నొకదానిని కాగితముపై అచ్చువేయించి తేవలెను. నయాగరాకు, గ్రాండ్ కాన్యనుకు ప్రవేశము లేదు. వానిని తీసినవారు లక్షలమంది కలరు, తీయబోవువారు ఇంకను కలరు. కాని రూట్ 59 స్టేషనులో తెల్లవారుజాము రైలుకై చేతులు జేబులలో దోపుకొని నిలిచిన మన కుఱ్ఱవానిని, స్టోల్ప్ ద్వీపమున 1931 నాటి పారమౌంట్ థియేటరు నిలువు పలకమీది దీపములు ఒక్కొక్కటిగా వెలుగు క్షణమును, ఇండియన్ కిరాణా కొట్టునుండి కరివేపాకు మొక్కను కోటులోపల పసిబిడ్డవలె దాచుకొని కారువరకు పరుగెత్తు ఇల్లాలిని తీయుటకు మేము తప్ప మఱెవరున్నారు?

నేను పుట్టి పెరిగిన తెనాలిలో, నా చిన్ననాట, ఫొటో యనునది పెండ్లివలె ముహూర్తము చూచుకొని వచ్చునట్టిది. తలలు దువ్వుకొని, ఇస్త్రీ బట్టలు కట్టుకొని, తాజమహలు బొమ్మగల తెరముందు కుటుంబమంతయు బారులు తీరి నిలువగా, స్టూడియో యజమాని పెట్టె కెమెరా వెనుక నల్లగుడ్డలో తల దూర్చి, "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అని కేక వేసెడివాడు. సాయంకాలము ఆయన అద్దపు బల్లక్రింద దీపము వెలిగించుకొని, నెగటివును దానిమీద ఆనించి, సన్నగా చెక్కిన పెన్సిలు మొనతో ముఖములమీది మచ్చలను, కండ్లక్రింది చారలను ఓపికగా మాన్పుచుండగా గుమ్మములో నిలిచి చూచుట నాకు మహానందము. ఆ చేతి నైపుణ్యమును నేనిప్పటికిని తలచుకొని నమస్కరింతును. అయినను, ఆ రోజులలో ఆ వీధిని, ఆ కాలువగట్టును, ఆ స్టూడియో గుమ్మమునే ఎవ్వరును ఫొటో తీసియుండలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున ముసవ్విర్ జంగ్ బిరుదమందిన రాజా దీనదయాళు (1844–1905) గాజుపలకలమీద నిలిపిన కోటలను, కొలువులను, వేటలను నేను భక్తితోనే చూతును. చూచిన ప్రతిసారియు, ఆ గాజుపలకల పెట్టెను నెత్తిన మోసిన కూలివాని ముఖమెట్టిదో యని మనస్సు తహతహలాడును. సామాన్య దినము ఫొటోకు అర్హమనుట మనకు ఆలస్యముగా అబ్బిన భావము.

ఈ యూరి వెలుగునుగూర్చి చెప్పవలెను. డిసెంబరు చివర నడిమధ్యాహ్నమునందును సూర్యుడిక్కడ దిగంతమునకు 25 డిగ్రీల యెత్తునకు మించి లేవడు. అదే దినమున విజయవాడలో 50 డిగ్రీల యెత్తుననుండును. మనవైపు ఆరడుగుల మనిషికి అయిదడుగుల నీడ పడు వేళ, ఇచట ఆ మనిషి నీడయే పండ్రెండడుగులు దాటి ప్రక్కవాని గుమ్మమును తాకును. పగలు తొమ్మిది గంటలకు కొంచెమెక్కువ. కాని ఆ తొమ్మిది గంటలును మన సాయంసంధ్యవంటి ఏటవాలు వెలుగే. 1856 నాటి రైలింజన్ల రౌండ్‌హౌసు సున్నపురాతి గోడపై ఆ వెలుగు ప్రక్కనుండి పడునప్పుడు, ఉలి తగిలిన ప్రతి గంటును వ్రేలితో తడిమినట్లు తెలియును. చలికాలమును శాపముగా తలచి కిటికీలు మూసుకొని కూర్చుండు మనవారికి ఈ సంగతి తెలియజెప్పవలెనని నాకెంతో కోరిక.

గడచిన జనవరిలో, గుంటూరునుండి క్రొత్తగా వచ్చిన యువకుడొకడు మా కూటమికొక ఫొటో తెచ్చెను. సలివన్ రోడ్డుమీది శ్రీ వేంకటేశ్వరస్వామి యాలయము 1986నుండి మా ప్రాంతపు తెలుగువారికి పుట్టినిల్లు వంటిది. ఆ యాలయపు దారిలో, పట్టుచీరపై బరువైన కోటు తొడుగుకొని, కాళ్లకు మంచుబూట్లతో, కొబ్బరికాయ సంచిని గుండెకు హత్తుకొని, ఒక మామ్మగారు అడుగులో అడుగు వేయుచు నడచివచ్చుచున్నారు. ఆమె యనుమతిని అడిగియే తీసినాడు. ఆ మర్యాద మాలో ఎవ్వరమును తప్పము. దృశ్యము మనోహరము. కాని మంచంతయు తడిసిన బూడిదవలె మాసి, మామ్మగారి ముఖము చీకటిలో మునిగినట్లుండెను.

"ఇది మంచులా లేదు అన్నయ్యా, ఎవరో విభూతి చల్లినట్టుంది. కెమెరా పాడైందేమో" అని యతడు చిన్నబోయెను.

మాలో పెద్దవాడు, ముప్పదియేండ్లుగా కెమెరా పట్టినవాడు, కండ్లద్దములు సవరించుకొని ఆ కాగితమును కిటికీవైపు త్రిప్పి చూచి, "కెమెరా బంగారంలా ఉంది తమ్ముడూ. అందులో వెలుగు కొలిచే మీటరుకి తెలుపంటే తెలియదు, అంతే. దానికి ఏది చూపించినా బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. మంచు మీద వెలుగు ఒక స్టాపో ఒకటిన్నరో పెంచి తీయి" అనెను.

"మరి నల్లకోటు దగ్గరగా తీస్తే?"

"అప్పుడు తగ్గించు. దానికి నలుపూ తెలియదు."

విషయమింతయే. తనపై పడిన వెలుగులో నూటికి 18 పాళ్లు త్రిప్పిపంపు నడిమి బూడిదవర్ణమే లోకమని నమ్మి మీటరు లెక్క కట్టును. వెలుగులో అధికభాగమును త్రిప్పికొట్టు మంచును చూచి, వెలుగెక్కువైనదని భ్రమించి తగ్గించివేయును. ఇది పుస్తకములలో నున్నదే, ఆ యువకుడును చదివినదే. కాని తాను తీసిన మామ్మగారి ముఖము చీకటియైన కాగితము చేతనుండగా, ఒక అన్న నోట వినినప్పుడుగాని అది వాని వ్రేళ్లలోనికి దిగలేదు. ఫిబ్రవరిలో మరల మంచు కురిసినది. ఆ నెల యతడు తెచ్చిన ఫొటోలో మంచు మల్లెపూవు. ఆ తెలుపునుండి ఎగసిన కాంతి మామ్మగారి గడ్డముక్రిందికి ప్రాకి, ముక్కుపుడక రాతిని సయితము వెలిగించినది. మేమందరము కొంతసేపు మాటలాడలేదు.

కెమెరాల ముచ్చటను నిందించువారు పెక్కురు కలరు. కళ మనస్సులోనున్నది, సామగ్రిలో లేదని వారి వాదము. వీణనుగూర్చి వైణికులు, పనసకొయ్యనుగూర్చి, మెట్ల మైనమునుగూర్చి గంటలకొలది మాటలాడుకొనుట నెవ్వరైన తప్పు పట్టిరా? 50 మిల్లీమీటర్ల లెన్సు చిన్న సెన్సారుగల కెమెరాకు తగిలించినచో 75 లెన్సువలె చూచుననియు, ఇరుకు వంటింటిలో అమ్మ దోసె వేయుట తీయవలెనన్న దానికి 35 లెన్సే హాయి యనియు చెప్పుకొనుట సామగ్రి వ్యామోహము కాదు; అమ్మకెంత దూరమున నిలువవలెనను విచారము. మాలో లెన్సులు పంచదారవలె, కాఫీపొడివలె చేబదులు నడచుచుండును. ఒకరి పాత లెన్సు మూడిండ్లు తిరిగి, మూడు చిత్రములు కని, యజమానునికి చేరును. కాని ఒక్కటి నిశ్చయముగా చెప్పగలను: బల్లమీద ఫొటో లేక సాగిన కెమెరా ముచ్చట పావుగంటలో ధరల ముచ్చటగా మారిపోవును. మేమది అనుభవించియే ఫొటో తేవలెనను నియమము పెట్టుకొంటిమి.

చలిదేశపు మెలకువలును ఆ బల్లయొద్దనే నేర్చితిని. సున్నకు దిగువ చలిలో బ్యాటరీ త్వరగా నీరసించును గనుక మారు బ్యాటరీని లోపలి చొక్కా జేబులో ఒంటివేడికి ఉంచుకొనవలెను. తొలి శీతకాలమున నేను నదిగట్టున గంటసేపు తిరిగి, వెచ్చని యింటిలోనికి తిన్నగా కెమెరాతో వచ్చితిని; చూచుచుండగానే లెన్సుమీద, లోపలను, చెమ్మ కమ్మినది, నా గుండె జారినది. ఇంటిలోనికి రాకముందే వెలుపలనే జిప్‌లాక్ సంచిలో పెట్టి గాలి చొరకుండ మూసి, కెమెరా గదివేడికి వచ్చునంతవరకు రెండు గంటలు తెరువకుండవలెనని మరుసటి శనివారము మిత్రులు చెప్పిరి. నాటినుండి మా యింట పచ్చళ్ల సంచులలో రెండు కెమెరావి.

ఇదే షికాగోలో వివియన్ మేయర్ అను స్త్రీ ఇండ్లలో పిల్లలను పెంచుచు జీవించి, రోలీఫ్లెక్సు మెడలో వ్రేలాడవేసికొని వీధులవెంట తిరిగి, లక్షకు మించిన చిత్రములు తీసినది. దాదాపు ఎవ్వరికిని చూపలేదు. 2007లో, అద్దె బాకీపడిన గిడ్డంగి సామాను వేలములో ఆ నెగటివులు పరుల చేతికి చిక్కినవి. కడిగింపని రీళ్లు సయితము వానిలో నుండెను. 2009లో ఆమె కన్నుమూసినది. లోకము ఆమెను మెచ్చుకొనినది ఆ తరువాతనే. ఆ చిత్రములలోని సామాన్యులను చూచునపుడెల్ల నాకు కలుగు మొదటి భావము మెప్పు కాదు, వ్యథ. శనివారము ఉదయమున ఆమెకొక బల్ల, నలుగురు మిత్రులు లేకపోయిరే!

చదువరులారా, మీరు అరోరాలో నున్నను, అమలాపురములో నున్నను, ఈ వారము మీ వీధి ఫొటో నొకదానిని కాగితముపై అచ్చువేయించుడు. వెనుక స్థలమును, తేదీని వ్రాయుడు. ఫోనులో పంపక, చేతబట్టుకొని పోయి ఒక మిత్రునికి చూపుడు.