పుష్యమాసపు మహానదికి జోహార్

తల్లీ మహానదీ! శ్రావణంలో నీకు దూరం నుంచే దండం. అప్పుడు నువ్వు ఒడ్డులను ఒరుసుకుంటూ ఉరికే ఒండ్రునీటివి, వంతెనల కాళ్లు వణికించే వరదవి, మొదలంటా పెరికిన మానులను మోసుకుంటూ మాటామంతీ లేకుండా సాగిపోయే మహోగ్రరూపానివి. పుష్యం వచ్చిందా, నువ్వు వేరే మనిషివి. ఇసుక తిన్నెల నడుమ పాయలు పాయలుగా, తలంటుకుని జడ విప్పి ఎండకు ఆరబెట్టుకునే పెద్దముత్తయిదువలా వెన్ను వాల్చి పడుకుంటావు. నీ మీద మంచు, మంచు మీద మసక పొద్దు, పొద్దులో పొరలు పొరలుగా తేలే పొగ. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేంత తేటదనం. ఆ తేటదనం కోసమే తెల్లవారకముందే లేచి, గాలాలను గుడ్డల్లో చుట్టుకుని, పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని నీ దగ్గరికి వస్తాం.

సిహావా కొండల్లో, ఫర్సియా అనే పల్లె దగ్గర పుట్టావు. ముందు ఉత్తరానికి నడిచి, తర్వాత తూర్పుకు తిరిగి, 850 కిలోమీటర్లకు పైగా సాగి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తావు. నాకు ఆ చివరి మాట చాలు. ఆ కడలే కళింగపట్నానిది, ఆ కడలే భీమిలిది, ఆ కడలే మా తాతల తెరచాపలది. బతుకు వెతుక్కుంటూ మావాళ్లు ఆ ఒడ్డు వదిలి ఇక్కడికి, రాయపూర్‌కు వచ్చారు. నువ్వేమో ఇక్కణ్ణుంచి ఆ ఒడ్డుకే పోతున్నావు. పరాయి ఊళ్లో ఇంతకంటే దగ్గరి చుట్టం మాకెవరున్నారు? 1931లో విజయనగరం పట్టాలు రాయపూర్‌ను అందుకున్నాయి. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటి వచ్చే రైలు ఆరంగ్ దగ్గర నీ మీదుగానే రావాలి. ఆ దారిన వచ్చే తెలుగువాడు నిన్ను దాటకుండా రాయపూర్ చేరలేడు. వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే, నిద్రలో జోగుతున్న నానమ్మలు సైతం ఉలిక్కిపడి లేచి, కొంగుముడి విప్పి, ఒక నాణెం నీ వైపు విసిరి, చెంపలు వేసుకుంటారు. మన చుట్టరికానికి అదే మొదటి కట్నం.

రాయపూర్ తెలీబంధాలో ఉండే మాలాంటివాళ్లకు నీళ్లు కొత్తేమీ కాదు. గుమ్మం దాటితే చెరువు. సాయంత్రమైతే గట్టు చుట్టూ దీపాలు, దీపాల కింద జనాలు, జనాల మీద రెపరెపలాడే పెద్ద జెండా. సముద్రం ఊసే లేని ఈ ఊళ్లో దాన్ని మెరీన్ డ్రైవ్ అని ముచ్చటగా పిలుచుకుంటారు. అందం కాదనను. కానీ షికారు గట్టున కూర్చుని గాలం వేయడానికి మనసొప్పదు. ఇటు ఖారూన్ నది ఉంది, మహాదేవ్ ఘాట్ ఉంది. కార్తీక పున్నమికి మునకా దీపమూ అక్కడే. చేపకు మాత్రం నీ దగ్గరికే. ఒకప్పుడు తెలీబంధా స్టేషన్లోనే చిన్న రైలెక్కి నీ దగ్గరికి వచ్చేవాళ్లు. 1900 నాటి లైను. రెండున్నర అడుగుల పట్టాలు. ఊగుతూ తూగుతూ, కూస్తూ కులుకుతూ, మానా మీదుగా, కేంద్రి మీదుగా, అభన్‌పూర్ దగ్గర చీలి రాజిమ్ దాకా. కదిలే రైల్లోంచి దిగి, రేగుపళ్లు కోసుకుని, మళ్లీ అదే రైలు ఎక్కేవాళ్లమని పెద్దనాన్న చెబుతాడు. నమ్మినవాళ్లకు నమ్మినంత. ఆ పట్టాలు లేచిపోయాయి. ఊళ్లో ఆ దారిన ఇప్పుడు రోడ్డు పరుచుకుంది. కార్లో నలభై అయిదు కిలోమీటర్లు ఎంతసేపని! నాకు దిగులల్లా ఒకటే. ఆ రైల్లో వచ్చేవాళ్లు నిదానాన్ని దారిలోనే నేర్చుకుని నీ ముందు దిగేవాళ్లు. మేం తొందరను వెంటబెట్టుకుని దిగుతున్నాం. దాన్ని మా ఒంటి మీంచి విప్పించే పని మొత్తం నీ మీదే పడింది.

ఎలా విప్పిస్తావో చూశాను తల్లీ. చలితో విప్పిస్తావు.

చేపకు సొంత వేడి లేదు; నీ వేడే దాని వేడి. మార్గశిరం నుంచి నువ్వు చల్లబడతావు, నీతో అదీ చల్లబడుతుంది. ఆకలి మందగిస్తుంది, అరుగుదల మందగిస్తుంది. శీలావతులు, బొచ్చెలు, ఎర్రమోసులు పాయల్లో పరుగులు మానేసి, లోతు మడుగుల్లోకి దిగి, మొప్పలు మెల్లగా ఆడిస్తూ మౌనవ్రతం పడతాయి. ఎండాకాలంలో లటుక్కున మింగిన ముద్దనే ఇప్పుడు ముద్దాడి వదిలేస్తాయి. మంచుతెర విచ్చి, ఎండ ఏటవాలుగా నీలోకి దిగి, లోతు లేని చోట నీళ్లు గోరువెచ్చనయ్యాక గానీ వాటికి భోజనం గుర్తుకు రాదు. అందాకా? అందాకా కూర్చోవడమే.

చలి ముదిరేకొద్దీ చెలరేగే చేపలూ లోకంలో లేకపోలేదు. ట్రౌట్ అలాంటిది. ఇంగ్లీషు దొరలు ముచ్చటపడి తెచ్చి కశ్మీరు ఏళ్లలో, నీలగిరి వాగుల్లో వదిలారు. ఇప్పటికీ అక్కడ ఈదుతోంది. దాన్ని పట్టినవాళ్ల గొప్పలు కొన్ని విన్నాను. పట్టనీ పాపం. మంచు కరిగిన నీళ్లలో మిడిసిపడే ఆ మచ్చల చేప నీ ఇసుకల్లో ఒక్క వేసవి బతకదు. వేసవి వేడినీ పుష్యపు వణుకునూ ఒకే ఒంటి మీద మోసే మా శీలావతికే నా ఓటు.

కూర్చోవడం అన్నానా! ఆ కూర్చోవడంలోనే ఉంది తల్లీ నీ మహిమ. నువ్వు ఇచ్చేది ఆలస్యం చేస్తావు, ఆ ఆలస్యంలోకి మమ్మల్నందరినీ లాక్కుంటావు. తవుడూ తెలగపిండీ గోధుమపిండీ కలిపి, ఏదో దినుసు చిటికెడు రహస్యంగా చేర్చి మావయ్య మేత పిసుకుతాడు. ఆ పాళ్లు కన్నకొడుక్కి కూడా చెప్పడు. బెండు మీద చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి, చలికి ముక్కు ఎర్రబడి ఒక పిల్ల కూర్చుంటుంది. "ఏటి మావయ్యా, ఇంకా పడ్లేదా?" "పడతాదే, నువ్వు ఊరుకో." మళ్లీ మౌనం. మళ్లీ మంచు. ఇంటి పంపకాల దగ్గర మాట పడి, ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేసిన అన్నదమ్ములు అటొకరూ ఇటొకరూ కూర్చుంటారు. నువ్వు ఊరుకుంటావా? ఒక చిన్న సుడి తిప్పి ఇద్దరి గాలాలనూ ఒకటిగా అల్లేస్తావు. చిక్కుపడ్డ దారాన్ని విప్పాలంటే నాలుగు చేతులు కావాలి. "పట్టుకోరా కాస్త" అంటాడు పెద్దవాడు. ఆ ఏడాదికి అదే మొదటి మాట. పెద్దమనుషుల పంచాయితీకి లొంగనిది నీ సుడికి లొంగింది.

మాతో వచ్చేది చుట్టాలు మాత్రమేనా, మితాన్‌లు కూడా. ఈ ఛత్తీస్‌గఢ్ నేల మీద స్నేహాన్ని గాలికి వదలరు. దేవుడి ఎదుట ముడివేస్తారు. ఒకరి చేతి మహాప్రసాదం ఒకరు తిని కొందరు, గంగాజలం పుచ్చుకుని కొందరు, భోజలి మొలకలు ఒకరి చెవిన ఒకరు తురిమి కొందరు మితాన్‌లవుతారు. ఆ మీదట పేరుపెట్టి పిలుచుకోరు. మహాప్రసాద్ అనీ గంగాజల్ అనీ భోజలీ అనీ ఆ ముడి పేరుతోనే పిలుపు. ఆ ముడి పిల్లలకు దిగుతుంది, పెళ్లిలో పీటలకు వస్తుంది, చావులో భుజానికి వస్తుంది. మా తాతకు ఇక్కడి రైతు ఒకాయన మహాప్రసాద్. ఇద్దరూ పోయారు, ముడి పోలేదు. అందుకే కోతలు ముగిసి, కొట్లు నిండి, ఛేర్‌ఛేరా పండక్కి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ధాన్యం అడుక్కునే రోజుల్లో, "జయ్ జోహార్" అంటూ గరీలనే వెదురు గాలాలు భుజాన వేసుకుని ఆ ఇంటివాళ్లు నీ ఒడ్డుకు వస్తారు. మా నానమ్మా వాళ్ల ముసలమ్మా ఎండకు వీపులు ఇచ్చి కూర్చుంటారు. ఈమె తెలుగు ఆమెకు సగమే తెలుసు, ఆమె ఛత్తీస్‌గఢీ ఈమెకు సగమే తెలుసు. ఆ రెండు సగాలతోనే వాళ్ల పొద్దు నిండిపోతుంది.

ఎదుటి తిన్నె మీద చక్రవాకాలు. హిమాలయాలు దాటి వచ్చిన బంగారు ఒళ్లు! మన కవులు రాత్రంతా విడదీసి ఏడిపించిన జంటలు తెల్లారేసరికి నీ ఇసుక మీద పక్కపక్కనే, ఏ విరహమూ ఎరగనట్టు, ముక్కులతో ఈకలు దువ్వుకుంటుంటాయి. నీటికాకి రెక్కలు ఆరేసుకుంటుంది. లకుముకి పిట్ట నీలం నిప్పై రాలుతుంది, నీటిని ముట్టి లేస్తుంది. మునిగిన ప్రతిసారీ కాకపోయినా, మాకంటే ఎక్కువసార్లే నోట చేపతో లేస్తుంది. దూరాన జాలరి ధీమర్ కాకా డోంగా పడవ మీద నిలబడి వల విసురుతాడు. నడుము తిరిగి, మోచెయ్యి తిరిగి, మణికట్టు తిరిగి, గాలిలో ఒక్క క్షణం వల పున్నమి చంద్రుడై విచ్చుకుని, చప్పుడు లేకుండా నీలో అస్తమిస్తుంది. ఆయనకది కూడు. మాకది కనులపండువ. ఈ తేడా మరిచిపోయి ఆయన పక్కన గాలం వేసుకుని గొప్పలు పోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట.

అంతలో బెండు వణుకుతుంది. ఒక్క వణుకు. మాటలన్నీ మధ్యలో తెగిపోతాయి. మళ్లీ వణుకు, మళ్లీ ఊగు, ఊగి వాలి, వాలి తేలి, తేలి ఒక్కసారిగా బుడుంగున మాయం! కర్ర వంగుతుంది, దారం మోగుతుంది, పిల్లలు గంతులేస్తారు, "లాగొద్దు, లాగొద్దు, వదులు, వదులు" అని నలుగురు నాలుగు దిక్కుల నుంచి గురువులవుతారు. లోతులోంచి లోతుగా లాగుతున్నది చేపో నువ్వో తెలియదు. చివరికి నీళ్లు చీలి, వెండి మీద రాగి పొడి చల్లిన ఒళ్లు, రెక్కల అంచున ఎర్రటి జీర, ఎండలో ఒక్కసారి తళుక్కుమని, శీలావతి! ఆ తళుకుకు పేరు పెట్టలేను, ఆ తడికి వెల కట్టలేను. చేతుల్లో అది కొట్టుకుంటుంటే నీ నాడి దొరికినట్టుంటుంది. చిన్నదైతే మళ్లీ నీకే అప్పగింత. వెళ్లేటప్పుడు తోకతో మా ముఖాన నాలుగు చుక్కలు చిలకరించి పోతుంది.

మధ్యాహ్నానికి ఇసుకలో మూడు రాళ్లు, రాళ్ల మధ్య ఎండుపుల్లలు, పుల్లల మీద మట్టి దాక. చింతపండు చిక్కగా పిసికిన పులుసు, వేయించి నూరిన మెంతీ ఆవపొడి, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి. ఈ దాకలో మా ఉత్తరాంధ్ర ఉడుకుతుంటే, ఆ పక్క నిప్పుల మీద మితాన్ ఇంటి వదిన మోదుగాకుల నడుమ అంగాకర్ రొట్టె కాలుస్తుంది, చలికాలపు టమాటాలు కాల్చి పాతాల్ చట్నీ నూరుతుంది. పులుసులో రొట్టె ముంచుకుని తిన్నవాడు ఇక సరిహద్దుల గురించి మాట్లాడడు. పడిన చేపలు తక్కువై, కూర్చున్న నోళ్లు ఎక్కువైన ఏడు పులుసు పలచనవుతుంది. రాజిమ్ బజారులో కొని చాటుగా దాకలో వేసిన సందర్భాలూ ఉన్నాయి. నీకు తెలుసు, నువ్వు ఎవరికీ చెప్పవు.

రాజిమ్‌లో పైరీ, సోంఢూర్ నదులు వచ్చి నిన్ను కలిసే చోట, నడి ఇసుకలో కులేశ్వర మహాదేవుడు కొలువున్నాడు. ఒడ్డున రాజీవలోచనుడు కళ్లు విప్పి చూస్తుంటాడు. మాఘపున్నమికి ఆ ఇసుకంతా జాతర. అక్కడ మేం గాలం వేయం. ఒకనాడు తానే చేపై ఈదినవాడి గుమ్మంలో చేపకు ఎర వేయడమా? మలుపు తిరిగి ఎగువకు పోతాం. దిగువన, ఒడిశాలో, హుమా గుడి రేవులో చేపలకు భక్తులు చేతులారా ప్రసాదం పెడతారట. అక్కడి చేపను ఎవరూ పట్టరు. ఒక రేవులో నైవేద్యం తినే చేప, ఇంకో రేవులో మా దాకలో ఉడికే చేప. రెంటికీ నువ్వే తల్లివి.

నిన్ను ధమ్తరి దగ్గర గంగ్రేల్ కట్టతో నిలిపారు. ఆ నీళ్లే పొలాలకు, భిలాయి ఉక్కు కొలుములకు పోతాయి. అది అవసరం, అందుకు నేను గొడవపడను. గొడవల్లా నీలో తూటాలు పేల్చేవాళ్లతో, నీళ్లలో మందు కలిపేవాళ్లతో, కరెంటు తీగలు దించేవాళ్లతో. పుష్యమంతా ఓపిక పట్టిన మడుగును వాళ్లు ఒక్క క్షణంలో ఖాళీ చేస్తారు, పిల్లచేపతో సహా.

కాబట్టి, చదువుతున్నవారికి ఒక మాట. ఛత్తీస్‌గఢ్ నదుల్లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా చేపలవేట నిషేధం. అవి గుడ్లు పెట్టే రోజులు. ఆ రెండు నెలలూ గాలాన్ని అటక దింపకండి, తూటా చేపను ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. పుష్యంలో రండి. వస్తూ వస్తూ మీతో మాటలు మానేసిన మనిషిని ఒకరిని వెంటబెట్టుకుని రండి.