మత్తు, పొగాకు లెక్కలు: ఇంటింటి సర్వే ఎంతవరకు నమ్మదగినది?

పొగాకు, మద్యం, మాదకద్రవ్యాల వాడకాన్ని అంచనా వేయడానికి ఇంటింటి సర్వేలను ప్రమాణంగా తీసుకుంటున్నారు. అయితే జవాబు చెప్పేది ఎవరు, ఎవరి ఎదుట అన్నది విచారించకుండా అంకెలను అంగీకరించడం సమంజసం కాదు.

నేడు విజయనగరం జిల్లాలో ఉన్న గరివిడి 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలోది. ఆ జిల్లా పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకొని కాల్చే 'అడ్డపొగ' అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, ఎరిగినదే. పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో ప్రచురించిన పరిశోధనలో ఆ జిల్లాలోని 10,169 మంది గ్రామస్థులలో 43.8 శాతం మందికి ఈ అలవాటు ఉన్నట్లు తేలింది. ఆ పరిశోధకులు అడిగి ఊరుకోలేదు. నోరు తెరిపించి అంగిలిని పరీక్షించారు. మాట దాచవచ్చు గాని అంగిలి మీది మచ్చ దాగదు.

1998-99లో జరిగిన రెండవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీరు వేరు. అందులో ఇంట్లో ఒకరు జవాబు చెబితే అందరి అలవాట్లూ నమోదయ్యాయి. కొడుకు తాగుడు తల్లికి తెలియకపోవచ్చు. అత్తగారి చుట్ట సంగతి కోడలు చెప్పలేకపోవచ్చు. 2009-10, 2016-17 సంవత్సరాల ప్రపంచ వయోజన పొగాకు సర్వేలలో ఇంటికొకరిని ఎంపిక చేసి, ఆ వ్యక్తినే అడిగారు. ఇది మెరుగైన పద్ధతి.

మాదకద్రవ్యాల విషయంలో ఇది కూడా చాలదు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వేలో 2,00,111 ఇళ్లను దర్శించారు. అయినా, అంతటితో ఆగక, వాడకందారుల ద్వారా ఇతర వాడకందారులను చేరే మరో పద్ధతిలో 72,642 మందిని విడిగా విచారించారు. వీధుల్లో బతికేవారు ఇంటి లెక్కకు అందరు గదా!

ఇటువంటి విచారణ, దివ్య ఖురాన్ హుజురాత్ సూరాలో నిషేధించిన 'తజస్సుస్' కాదా అని కొందరు ముస్లింలు సందేహించవచ్చు. పేరు బయటపెట్టకుండా, సమ్మతితో, చికిత్స కోసం ఒక వ్యక్తిని అతని సంగతే అడగడం కూపీ లాగడం కాదు. కాని అతడు లేనప్పుడు అతని లోపాన్ని మరొకరి చేత చెప్పించడం, అదే సూరా వారించిన 'గీబత్'కు దగ్గరగా పోతుంది. శాస్త్రరీత్యా బలహీనమైన పద్ధతే నైతికంగానూ బలహీనమైనది కావడం గమనార్హం.

మద్యం హరాం అని నమ్మే ఇంట్లో 'లేదు' అనే జవాబు సులభంగా వస్తుంది. ఆ జవాబు వల్ల పరువు నిలవవచ్చు. రోగికి వైద్యం మాత్రం అందదు.