సేనాని పతనము

యుద్ధనవలలు వ్రాయబూనిన యువకులు తమ వ్రాతప్రతులను నాకు చూపించునపుడెల్ల ఒకే లోపము కంటబడుచుండును: నాయకుడు మొదటి పుటలోనే దుష్టుడై యుండును. ఎన్నడును ఎత్తున నిలువనివానికి పతనమెక్కడిది?

డాన్ ఆబ్నెట్ 2006లో వెలువరించిన ‘హోరస్ రైజింగ్’ అను విజ్ఞానకల్పనా నవల ఈ విద్యను చక్కగా నేర్పును. నక్షత్రలోకములనన్నిటిని ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చు దండయాత్రను చక్రవర్తి తన ప్రియపుత్రుడైన హోరసునకు అప్పగించి, కారణము చెప్పకయే భూలోకమునకు మరలిపోవును. సైనికులతో కలిసి నవ్వి, వారి మాటను చెవినిడు ఆ మహాసేనానిని లోకెన్ అను దళనాయకుడు భక్తితో చూచుచుండగా మనమును అట్లే చూతుము. అదే సంవత్సరమున దాని తరువాయిగా గ్రాహమ్ మెక్‌నీల్ వ్రాసిన ‘ఫాల్స్ గాడ్స్’లో విషఖడ్గము హోరసును గాయపరచును గాని, తండ్రి తన్ను విడిచిపోయెనను మనఃక్లేశము ఆ విషమునకు ముందుగనే చోటు సిద్ధపరచియుండెను.

శృంగవరపుకోటలో ఈ పుటలు చదువుచుండగా నా మనస్సు బొబ్బిలి మీదికి పోయినది. 1757 జనవరి 24న అక్కడ జరిగిన యుద్ధమును కథకులు తాండ్ర పాపారాయని పరాక్రమగాథగా చెప్పుదురు, అది న్యాయమే. కాని విజయనగర ప్రభువు విజయరామరాజు పగకు తన ఫిరంగులను తోడిచ్చిన సమర్థుడగు ఫ్రెంచి సేనాని బుస్సీ పతనకథ యింకను వ్రాయదగియున్నది. బొబ్బిలిని విడిచిన యెడల వేరొకచోట అంతకుమించిన భూములిత్తునని బుస్సీ కబురంపగా, బొబ్బిలి ప్రభువు రంగారావు దానిని అవమానముగా నెంచెనని రాబర్ట్ ఆర్మ్ తన చరిత్రలో వ్రాసెను. కోట నిలువదని తెలిసిన పిమ్మట లోనివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే సంహరించిరి. ఒక వృద్ధుడు మాత్రము రంగారావు కుమారుని చేయిపట్టి నడిపించుకొనివచ్చి, తండ్రి యిచ్చకు విరుద్ధముగా కాపాడితినని చెప్పి, లా అను ఫ్రెంచి అధికారి కప్పగించెను.

నవలాకారుడు నిలువవలసిన తావు ఆ లా ప్రక్కనే. ఆ బిడ్డను ఎదుట నిలుపుకొన్న లా, తన సేనానిని ఇంకను గౌరవించునా? గౌరవించినచో, ఏ సమర్థనతో? సేనాని చెడిపోయెనని రచయిత చెప్పినంతమాత్రమున పాఠకుడు నమ్మడు. ప్రేమించి ఆజ్ఞ పాలించినవాని మనస్సులో మొదటి శంక పుట్టిన దినమును చూపించినచో, ఆ పతనము యొక్క బరువును తానే మోయును.