బయానా ఇచ్చే ముందు

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పాత జిల్లాల్లో భూమి ధర వానను చూసి పెరగడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడది వార్తను చూసి పెరుగుతోంది. యాదగిరిగుట్ట ఆలయాన్ని కొత్తగా కడతారన్న మాట వినపడగానే చుట్టూ ఉన్న చెలకల్లో సున్నం గీతలు పడ్డాయి. 2022 మార్చి 28న ప్రధానాలయం తెరుచుకునే నాటికి అక్కడ వెంచరు లేని ఊరిని వెతుక్కోవాల్సి వచ్చింది. ముచ్చర్లలో ఫార్మాసిటీ అన్నప్పుడు కార్లన్నీ కడ్తాల్, ఆమనగల్లు వైపు తిరిగాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక ఆ మాట పోయి ఫ్యూచర్ సిటీ అన్న మాట వచ్చింది. ప్రాంతీయ రింగురోడ్డు సంగతి ఇంకో తీరు. చౌటుప్పల్ దగ్గర మ్యాపులో గీత కాస్త జరిగితే చాలు, ఒకరి ఇల్లు రోడ్డు పక్కకు వస్తుంది, ఇంకొకరి ఇల్లు రోడ్డు కిందికి పోతుంది.

వార్త వేడిగా ఉన్నప్పుడు కొన్నవాళ్లు, అది చల్లారాక అమ్మాలనుకుంటున్నవాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఇంటికొకరు దొరుకుతారు. చెప్పే ధర మాత్రం దిగదు. "మూడేండ్ల కిందనే గజానికి అంత అడిగిన్రు, ఇయ్యలే" అంటారు. ఆ అడిగినవాళ్లు ఇప్పుడు ఫోనెత్తరు.

అసలు ధర ఎంత? బ్రోచరు చెప్పదు. రిజిస్ట్రేషన్ శాఖ విలువల పట్టికా చెప్పదు. దాన్ని 2013 తర్వాత 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో సవరించారు, బజారు మాత్రం నెలనెలా మారుతుంది. చవకైన పరీక్ష అద్దె. నల్లగొండ రామగిరిలోనో, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలోనో 60 లక్షలు చెప్పిన ఇంటికి నెలకు పదివేలు అద్దె వస్తోందనుకోండి. ఏడాదికి లక్షా ఇరవై వేలు, అంటే పెట్టిన డబ్బుకు రెండు శాతం. ఉండటానికైతే అందులో తప్పులేదు. పెట్టుబడి అని కొనేవాళ్లు మాత్రం మిగతాదంతా రేపటి వార్త మీద పందెం అని తెలిసే కొనాలి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే నెలలో ఐటీ టవర్ తెరిచి, అక్కడే బ్యాటరీ కర్మాగారానికి పునాది వేశారు. ఆ చుట్టుపక్కల కొనేవాళ్లు చూడాల్సింది శిలాఫలకాన్ని కాదు, సాయంత్రం షిఫ్టు దిగిన వాళ్లు ఏ కాలనీలో అద్దెకు దిగుతున్నారన్నది.

ఇల్లు చూడ్డానికి మంచి కాలం ఎండాకాలం, నీళ్ల సంగతి అప్పుడే బయటపడుతుంది. ఆషాఢం, మూఢం కొనేవాళ్లు వెనకాడే రోజులు కాబట్టి బేరానికి అనువు. ఈ కాలమ్‌కు వాస్తుతో తగాదా లేదు, తూర్పు ముఖం ఇంటికి పడమర ముఖం ఇంటికంటే ఎక్కువ పలుకుతుందన్నది బజారు సత్యం. కానీ ఈశాన్యం మూలను టేపుతో కొలిచే మనిషి బోరు మోటారు ఒక్కసారి వేసి చూడకపోవడమే విచిత్రం. ఇది ఫ్లోరైడు నేల. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాదని ప్రమాణం. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 'నీరి' పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథకు 2015లో చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు. అందుకే అడగాల్సిన ప్రశ్న "నీళ్లున్నాయా?" కాదు. భగీరథ నల్లా ఈ గల్లీ దాకా వచ్చిందా, ఎన్ని రోజులకోసారి వదులుతారు, బోరు ఎన్ని అడుగులు, మే నెలలో ఎంతసేపు పోస్తుంది? జవాబు ఇంటాయన్ని కాదు, పక్కింటావిడను అడగాలి.

ఇక కాగితం. ఈ విద్యంతా ఇక్కడే ఉంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట డాక్యుమెంట్ రైటర్ల గదుల్లో రోజూ వినపడే సంభాషణ ఇది.

"అన్నా, ఈసీ తీసినం. ముప్పై ఏండ్లకు ఒక్క గీత లేదు. నువ్వేం ఫికర్ వెట్టుకోకు."

"మరి వాళ్ల అక్క సంతకమేది?"

"ఆమెకు పెండ్లప్పుడే ఇచ్చిన్రు గదనే!"

ఈ ఆఖరి మాట దగ్గర బయానా జేబులోనే ఉంచుకోవడం మంచిది. హిందువుల్లో తండ్రి స్వార్జితమైన ఇల్లు వీలునామా లేకుండా మిగిలితే 1956 నుంచీ కూతురికి కొడుకుతో సమాన వాటా. పిత్రార్జితంలోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు హక్కిచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న మెలికను 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం ఈ సవరణ పోదు. కట్నం ఇచ్చారు, పసుపుకుంకుమ పెట్టారు అన్నవి చుట్టాల మధ్య మాటలు; దస్తావేజులో ఆమె సంతకమో, విడిగా రిజిస్టరైన హక్కు విడుదల పత్రమో ఉండాలి. అక్క అమెరికాలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (అధికార పత్రం) పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి. నాలుగో నెలలో గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ.

ఆ రైటరు గదిలో ఈసీకి (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు) ఉన్న గౌరవం కూడా కాస్త అతి. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనపడతాయి. తెల్లకాగితం మీద ఇంకొకరికి రాసిచ్చిన అగ్రిమెంటు కనపడదు, కోర్టులో నడుస్తున్న అన్నదమ్ముల దావా చాలాసార్లు కనపడదు. పైగా 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. షాద్‌నగర్, ఆమనగల్లు రంగారెడ్డిలో కలిశాయి. పాత దస్తావేజులో "మహబూబ్‌నగర్ జిల్లా" అని ఉన్న ఇల్లు ఇవాళ ఇంకో జిల్లాలో, ఒక్కోసారి ఇంకో సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉంటుంది. ఇంటి నంబరూ మారి ఉంటుంది. పాత నంబరుతో, కొత్త నంబరుతో, సర్వే నంబరుతో విడివిడిగా వెతికించాలి.

ఊరి మధ్య పాత ఇంటికి ఇంత చాలు. వెంచరులో ప్లాటుకైతే దాని కింద ఉన్న చెలక చరిత్రా కావాలి. నిజాం కాలం నుంచి నడిచొచ్చిన నేల ఇది. సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ చూడకుండా ఇక్కడ ఏ మంచి వకీలూ మాట ఇవ్వడు. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద 38-ఇ పట్టా పొందిన రక్షిత కౌలుదారు వారసులు ఉన్నారా? ఇనాం భూమైతే ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్) ఉందా? ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం ప్రకారం అమ్మకమే చెల్లదు. పాత నల్లగొండ జిల్లాలో ఇంకో ప్రశ్నా ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందు వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అక్కడే మొదలైంది. అలా ఇచ్చిన భూములు పేదల సాగు కోసం. ఆ సర్వే నంబర్ల మీద ప్లాట్లు వేసి అమ్మితే దస్తావేజు రంగు కాగితమే. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో సర్వే నంబరు కొట్టి చూడ్డానికి ఐదు నిమిషాలు పట్టదు.

సర్పంచి సంతకం పెట్టిన "పంచాయతీ లేఅవుట్" అనేది ఈ రెండు జిల్లాలను ఏలిన పెద్ద అబద్ధం. పై అధికారుల సాంకేతిక ఆమోదం లేకుండా లేఅవుట్‌కు అనుమతినిచ్చే అధికారం సర్పంచికి లేదు. 2020 ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశాక కానీ ఈ సంగతి జనానికి తెలిసిరాలేదు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్ అంటే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మరీ కట్టమన్నారు. అలాంటి ప్లాటు కొంటుంటే క్రమబద్ధీకరణ రుసుము, ఖాళీ జాగా వదలని వెంచరైతే ప్లాటు విలువలో మరో 14 శాతం, ఎవరు కట్టాలన్నది బేరంలోనే తేలాలి. కొత్త వెంచరైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగాలి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన ఏ ప్రాజెక్టుకైనా అది తప్పనిసరి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పదిశాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడం రెరా చట్టం ప్రకారం కుదరదు. "ప్రీ లాంచ్ ఆఫర్, మొత్తం కడితే సగం ధర" అన్నవాడు తన నోటితోనే చట్టం తప్పుతున్నానని చెబుతున్నాడు.

టేపు సంగతి మరవకూడదు. దస్తావేజులో 200 గజాలు, 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు అని రాసి ఉంది. కొలిస్తే వెడల్పు ముప్పై నాలుగున్నరే వచ్చింది. మిగతా అడుగున్నర పక్కింటి ప్రహరీ కింద ఉంది. ఎనిమిది గజాల పైన తరుగు. గజం పదిహేను వేలైతే లక్షా పాతిక వేలు. బయానాకు ముందైతే ఇది బేరంలో తగ్గింపు, రిజిస్ట్రేషన్ తర్వాతైతే పక్కింటివాళ్లతో జీవితకాలం పేచీ. దేవరకొండలోనో నారాయణపేటలోనో పాత భవంతి కొంటే ఇంకో మాటా రాసుకోవాలి. టేకు దర్వాజలు, దూలాలు ఇంటితో వస్తాయా, రావా? తాళం చేతికొచ్చేసరికి తలుపులు ఊడదీసిన ఇల్లు దొరికిన ఉదంతాలున్నాయి. బోరు మోటారు, ఇన్వర్టరు కూడా కాగితంలో ఎక్కాలి.

డబ్బు దగ్గర రెండు జిల్లాల్లోనూ ఒకటే పాఠం చెబుతారు: తక్కువకు రిజిస్ట్రేషన్ చేయించు, మిగతాది చేతికియ్యి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 40 లక్షల ఇంటికి మూడు లక్షలు. పది లక్షలు దాచిపెడితే కొన్నవాళ్లకు మిగిలేది 75 వేలు. కానీ రేపు అదే ఇల్లు అమ్మినప్పుడు ఆ పది లక్షలు వాళ్ల లాభంగానే లెక్కకొస్తాయి, 12.5 శాతం చొప్పున లక్షా పాతిక వేలు పన్ను. బ్యాంకు అప్పు కూడా కాగితం మీది ధరకే లెక్కగడుతుంది. ఇంటి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పోయే నిబంధన వేరే. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఒక శాతం పన్ను మినహాయించి కట్టాలి. అమ్మేవాళ్లు ప్రవాసులైతే ఒక శాతం కాదు, మినహాయింపు రేటు చాలా ఎక్కువ. చార్టర్డ్ అకౌంటెంటును అడగకుండా వాళ్లకు చెక్కు రాయకూడదు.

అమ్మేవాళ్లకు 2024 జులై 23 తర్వాత ఒక లెక్క తప్పదు. ఆ తేదీకి ముందు కొన్న స్థలం, ఇల్లు అమ్మితే ఇక్కడ నివసించేవాళ్లు రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవచ్చు: ద్రవ్యోల్బణ సూచీ లేకుండా 12.5 శాతం, సూచీతో 20 శాతం. 2012–13లో నాలుగు లక్షలకు కొన్న ప్లాటు 2025–26లో 30 లక్షలు పలికితే మొదటి దారిలో మూడు లక్షల పాతిక వేలు, రెండో దారిలో దాదాపు నాలుగున్నర లక్షలు. అదే పది లక్షలకు కొన్నది 20 లక్షలకే పోతే లెక్క తిరగబడుతుంది: మొదటి దారిలో లక్షా పాతిక వేలు, రెండో దారిలో 24 వేలు. సూచీ కొన్న ఏడాది 200, అమ్మిన ఏడాది 376. ధర బాగా పెరిగినవాళ్లకు కొత్త పద్ధతి, మెల్లగా పెరిగినవాళ్లకు పాతది. నల్లగొండ లోపలి కాలనీల్లో రెండో రకం వాళ్లే కూర్చుని ఉన్నారు, ఈ లెక్క వాళ్లకెవరూ చెప్పరు.

బేరం కుదరని కాలంలో అమ్మేవాళ్ల చేతిలో ఉన్నది కాగితాన్ని సిద్ధం చేసుకోవడమే. వారసుల సంతకాలు, పాత దస్తావేజుల వరస, పన్ను రసీదులు, ఎల్‌ఆర్‌ఎస్ పత్రం ముందే ఒక ఫైల్లో పెట్టుకున్న ఇల్లు బ్యాంకు అప్పుతో కొనేవాళ్లకు నప్పుతుంది. రెపో రేటు 2025లో ఆరున్నర నుంచి 5.25కు దిగింది, అప్పు మీద కొనగలిగిన ఉద్యోగులు పెరిగారు. వాళ్ల వెనక బ్యాంకు వకీలు ఉంటాడు, కాగితం సరిగా లేని ఇంటి గడప ఆయన తొక్కడు. ఇంకో మూడు లక్షల కోసం రెండేళ్లు ఆగేవాళ్లు కూడా ఒకసారి లెక్క చూసుకోవాలి. 40 లక్షలు ఆరు శాతానికి బ్యాంకులో వేసినా ఏడాదికి రెండు లక్షల నలభై వేలు.

రిజిస్ట్రేషన్ అయ్యాక మిఠాయి తిని ఇంటికి పోయేవాళ్లకు మిగిలే పనులు చిన్నవే. మున్సిపాలిటీలో పేరు మారిందో లేదో ఇంటిపన్ను నోటీసులో చూసుకోవాలి. కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ పాత యజమాని పేరు మీద వదిలేయకూడదు, ఆయన బకాయిలు ఏవైనా ఉంటే ఆ మీటరు మీదే పడతాయి. ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కట్టినవాళ్లకు మున్సిపాలిటీలు ఐదు శాతం రాయితీ ఇస్తూ వస్తున్నాయి.